బంగారు రేకు వేసే ముందు ఒక సందేహం

మార్చి 4. పొద్దున మబ్బు, తర్వాత ఎండ. చేసిన పని: పాత నిఘంటువుకి కొత్త వెన్ను కుట్టాను.

పెదనాన్నగారికి నమస్కారాలు.

ఉత్తరంలో ముందు తేదీ, వాతావరణం, చేసిన పని ఉండాలన్న మీ నియమం తప్పలేదు, చూసుకోండి. చర్చివాళ్లు ఒక పెద్ద బైబిలుకి తోలు అట్ట వేయమన్నారు. ఎవరో మాస్టారికి కానుకట. అట్ట మీద 'పైదెవ్‌తేస్' అనే గ్రీకు మాట బంగారు రేకుతో వేయాలి. గురువని అర్థం అన్నారు పాస్టరుగారు. మా షాపు మేస్త్రి మాత్రం దండించేవాడంటున్నాడు. తోలు మీద బంగారం ఒకసారి పడితే చెరగదు, ఆ పెద్దాయన మనసు నొచ్చుకోకూడదు. సొంతంగా గ్రీకు నేర్చుకున్నవాళ్లు నాకు తెలిసి మీరొక్కరే. గురువా, కొట్టేవాడా?

మీ తమ్ముడి కొడుకు

తా.క. మోకాలి నొప్పి ఎలా ఉందో అడగమంది మీ కోడలు. నేనూ అడుగుదామనే అనుకున్నాను.

మార్చి 8. వాతావరణం బాగాలేదు, ముఖ్యంగా ఇంట్లో. చేసిన పని: నీ ఉత్తరం ఆరుసార్లు చదివాను.

చిరంజీవికి ఆశీస్సులు.

ఎవరో మాస్టారిని అడ్డం పెట్టుకుని ఈ డొంకతిరుగుడు ఎందుకురా? ముప్పై ఆరేళ్లకైనా అడిగావు, సంతోషం. నేను పాఠం చెప్పే బళ్లో హాజరుపట్టీ మీద సిరా ఒలికిన రోజు నీ అరచేతి మీద స్కేలుతో కొట్టిన మాట నిజమే. రెండు దెబ్బలు. మూడని మీ పెద్దమ్మ అంటోంది, ఆవిడ ఆ రోజు ఊళ్లోనే లేదు. ఇంకా ఏమేం గుర్తుపెట్టుకున్నావో జాబితా పంపు.

పెదనాన్న

తా.క. నీ ఉత్తరంలో ఎడమ అంచు కిందికొచ్చేసరికి బొటనవేలంత జరిగింది. పుస్తకాలు కుట్టే చేతికి ఇదేం పోయేకాలం? మోకాలు అలాగే ఉంది.

మార్చి 12. జల్లు. చేసిన పని: ఈ కాగితానికి అంచు గీత గీశాను.

పెదనాన్నగారికి నమస్కారాలు.

నేనడిగింది మాట గురించి, మీ గురించి కాదు. ఆ దెబ్బలు నాకు గుర్తే లేవు. నాలుగు రోజులు ఎడం చేత్తో రాశాను, అంతే. అర్థం ఒక్కటి చెప్పండి, చాలు.

మీ తమ్ముడి కొడుకు

తా.క. అడిగారు కాబట్టి జాబితా: బల్ల మీద నిలబెట్టడం ఏడుసార్లు. ఒకసారి నేనే ఎక్కాను, అక్కణ్ణుంచి కిటికీ బయట బాగా కనిపిస్తుందని.

మార్చి 16. ఎండ. చేసిన పని: ఇది రాయడానికి ధైర్యం తెచ్చుకున్నాను.

చిరంజీవికి ఆశీస్సులు.

నాలుగు రోజులని నాకు తెలీదురా. ఆ మాట కొత్త నిబంధనలో రెండే చోట్ల ఉంది. ఒకచోట తెలియనివాళ్లకు నేర్పేవాడు, ఇంకోచోట కొడుకుల్ని సరిదిద్దే తండ్రి. నేర్పడం, దండించడం ఒకే చేతి పని. కాని తప్పు ఎవరిదో ఆ చేతికి తెలిసుండాలి. సిరా ఒలికించింది నువ్వు కాదు. మూడో రోజు మావాడు, అదే మీ అన్నయ్య, తనేనని ఒప్పుకున్నాడు. ఏడాదిపాటు వాడికి బంతి ఆట మాన్పించాను. నీతో చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. ఆ ఏడే నువ్వు ఆరో తరగతితో బడి మానేశావు. నా దెబ్బే నీ చదువు తీసేసిందని ఇన్నాళ్లూ లోపల పెట్టుకున్నాను. ఆ మాట ఆ మాస్టారికి వెయ్యి. నాలాంటివాడికైతే వద్దు. క్షమించు.

పెదనాన్న

తా.క. మీ అన్నయ్యను ఏమీ అనకు. నిన్న మళ్లీ అడిగాను. బ్యాంకు మేనేజరై ఉండి కూడా గోడవైపు తిరిగి నిలబడి "నేనే నాన్నా" అన్నాడు. వాడి పిల్లలు వచ్చి చూసి వెళ్లారు.

మార్చి 20. పొద్దున వాన, ఇప్పుడు తెరిపి. చేసిన పని: బంగారు రేకు వేశాను. ఇక చెరగదు.

పెదనాన్నగారికి నమస్కారాలు.

సిరా ఒలికించింది నేనే. నా వాచిన చెయ్యి చూడలేక అన్నయ్య తన మీద వేసుకున్నాడు. నేను నోరు మూసుకుని, వాడి బంతితో ఏడాదంతా ఆడుకున్నాను. మీరిన్నాళ్లూ బాధపడ్డ రెండు దెబ్బలూ పడాల్సిన చేతి మీదే పడ్డాయి. మనిద్దరం క్షమాపణ చెప్పాల్సింది మీ పక్కగదిలో ఉన్నవాడికి.

బడి మానింది దెబ్బకి కాదు. పాడైన పట్టీ బాగుచేయించుకు రమ్మని మీరే నన్ను బైండింగు షాపుకి పంపారు. అక్కడి జిగురు వాసన నచ్చింది. ఇంకా ఆ షాపులోనే ఉన్నాను.

బైబిలు మీకే. ముందే చెప్పనని పాస్టరుగారికి మాటిచ్చాను కాబట్టి ఎవరో మాస్టారన్నాను. ఆదివారం చర్చిలో ఇస్తారు, ఏమీ ఎరగనట్టు ముఖం పెట్టండి. అట్ట మీది మాటకి అర్థం ఎవరైనా అడిగితే నా కుడి చెయ్యి చూపిస్తాను.

మీ తమ్ముడి కొడుకు

తా.క. పుస్తకం చర్చికి, ఈ ఉత్తరం మీకు చేర్చడానికి అన్నయ్య వస్తానన్నాడు. ఈలోపు చేయాల్సిన పనులు: జిగురు గిన్నె కడగాలి. కత్తిరింపులు ఊడవాలి. వాడు అప్పుడే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, కాబట్టి ముందు వాడికి చెప్పాల్సింది చెప్పాలి.