గోడలూగే కార్యాలయానికి ఒక వినతి

మియాపూర్,
జూన్ 3.

గౌరవనీయులైన ప్రజా వినతుల స్వీకరణ కార్యాలయాధికారి గారి సముఖమునకు,

పదవీ విరమణ చేసిన సూపరింటెండెంటు లింగమూర్తి నమస్కరించి చేసుకునే మనవి.

మా వీధి మలుపున, ఏడాదిగా మూతబడిన షట్టరులో మీ కార్యాలయం వెలసినందుకు సంతోషం. బోర్డు, బెంచీ, గోడ మూల పాన్ మరక, గుమ్మం పక్కన ఎర్రని వినతుల పెట్టె, అన్నీ పద్ధతి ప్రకారమే ఉన్నాయి. ఆ పెట్టెలో పడుతున్న మొదటి వినతి నాదే కావచ్చు.

మా కాలనీ నుంచి మెట్రో స్టేషనుకు వెళ్లే సందులో దీపం లేదు. నా భార్య చంద్రమ్మ స్టేషను పక్కన తొమ్మిది మందికి కుట్టుపని నేర్పుతుంది. పోయిన నెల సాయంత్రం ఏడింటికి తిరిగి వస్తూ ఆ చీకట్లో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పారు గానీ, దీపం పడేదాకా గడప దాటేది లేదని కూర్చుంది. తరగతి ఆగిపోయింది. దీపాల శాఖ వారిని అడిగితే, ఆ సందు రెండు వార్డుల నడుమ ఉన్నందున తమ పరిధి కాదన్నారు.

తగు చర్య కోరుతూ,
విధేయుడు,
లింగమూర్తి

తా.క.: ప్రస్తుతం ఆమెకు మిగిలిన ఏకైక శిష్యుణ్ణి నేనే. జాకెట్టుకు హుక్కులు వేయడం వరకు వచ్చాం. దయచేసి విషయాన్ని అత్యవసరంగా పరిగణించగలరు.

*

జూన్ 5.

లింగమూర్తి గారికి నమస్కారాలు.

మీ వినతి అందింది. చదివి బాధపడ్డాం. కానీ క్షమించాలి, ఇది కార్యాలయం కాదండి. సినిమా సెట్. హైటెక్ సిటీ దగ్గర మా శిక్షణ సంస్థలో కెమెరా విద్యార్థులకూ, కళా దర్శకత్వం నేర్చుకునే మాకూ కలిపి నలభై రోజుల ఉమ్మడి శిక్షణ ఇస్తున్నారు. ఒక కెమెరా విద్యార్థి, ఒక డిజైన్ విద్యార్థి జంటగా పని చేయాలి. ఇద్దరికీ కలిపి ఒకటే మార్కు. ఒకరు తప్పితే ఇద్దరూ తప్పినట్టే. నా జంట సాయిచంద్.

కాబట్టి దీపం వేయించడం మా చేతుల్లో లేదు.

ఇట్లు,
జ్యోత్స్న

తా.క.: పాన్ మరకను మెచ్చుకున్నందుకు కృతజ్ఞతలు. మూడు రోజులు వేశాను. సాయిచంద్ దాన్ని ఇంతవరకు గమనించనే లేదు.

*

జూన్ 7.

జ్యోత్స్న మేడం గారికి,

వినతి అందిన రెండో రోజే జవాబిచ్చిన మీ దక్షతకు జోహారు. అయితే మీ జవాబులోని సారాంశం నాకు కొత్త కాదు. "ఇది ఆ కార్యాలయం కాదు", "మా చేతుల్లో లేదు" అనే వాక్యాలను నా ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నేనే కొన్ని వేలసార్లు రాశాను. "ఇది సినిమా సెట్" అన్న సాకు మాత్రం మా కాలంలో లేదు. శాఖ ముందడుగు వేసిందని గర్విస్తున్నాను.

మొదటి వినతిని తిరస్కరించడం ఆనవాయితీ. కనుక ఇది రెండోది.

విధేయుడు,
లింగమూర్తి

తా.క.: సాయిచంద్ అనే ఉద్యోగితో మీకు పొసగడం లేదని గ్రహించాను. ఫైలు ఆగేది ఇటువంటి చోటనే.

*

జూన్ 9.

లింగమూర్తి గారికి,

దయచేసి నమ్మండి. మా కార్యాలయం గోడలు ప్లైవుడ్డువి, చేయి వేస్తే ఊగుతాయి. గడియారంలో యంత్రం లేదు. ఫైళ్ల నిండా తెల్ల కాగితాలే. కుర్చీలో కూర్చునే అధికారి ఎవరో కాదు, ఎదుటి అపార్ట్‌మెంటు సెక్యూరిటీ గార్డు యాదయ్య గారు. మీసం బాగుందని తీసుకున్నాం. మాది పదకొండు నిమిషాల కథ. అందులో అధికారి, వచ్చిన ప్రతివారితోనూ "ఈ పని మాదే, రేపటికల్లా చేస్తాం" అంటాడు. మా ఉపాధ్యాయులు దీన్ని అద్భుత కల్పనల విభాగంలో చేర్చారు.

పద్నాలుగున మా షూటింగు చూసి మార్కు వేయడానికి పరీక్షకులు వస్తున్నారు. ఇక్కడేమో యుద్ధం. "నీ గోడ తీసెయ్, నా కెమెరా ఏడ పెట్టాలె?" అని సాయిచంద్. "గోడ లేకపోతే దాన్ని ఆఫీసంటారా, బస్టాపంటారా?" అని నేను. దయచేసి ఆ రోజు మాత్రం రాకండి.

ఇట్లు,
జ్యోత్స్న

తా.క.: యాదయ్య గారు ఆ ఒక్క మాటనూ గేటు దగ్గర సాధన చేస్తున్నారు. నిన్న పార్సెల్ తెచ్చినవాడికి కూడా అదే చెప్పారట.

*

జూన్ 11.

మేడం గారికి,

ఊగే గోడలు, నడవని గడియారం, ఖాళీ ఫైళ్లు, వేరే పని మీద నియమితుడై ఇక్కడ కూర్చున్న అధికారి. మీరు ఇన్ని ఆధారాలు చూపిన తరువాత నాకు మిగిలి ఉన్న కాస్త సందేహం కూడా తీరిపోయింది. అది కార్యాలయమే.

పద్నాలుగున పైఅధికారుల తనిఖీ ఉన్నదని చెప్పకనే చెప్పినందుకు రుణపడి ఉంటాను. ఆ రోజు పది గంటలకు కాలనీవాసులతో కలిసి వస్తున్నాను. అందరూ క్రమశిక్షణ గలవారు. వరుస తప్పరు.

విధేయుడు,
లింగమూర్తి

తా.క.: "రేపటికల్లా చేస్తాం" అనే అధికారి ఉన్నాడని చదివి వినిపించగా చంద్రమ్మ, "గసొంటోడు ఉంటే జర చూడాలె" అని, నెల తరువాత మొదటిసారి చెప్పులు వెతుక్కుంది.

*

జూన్ 15.

లింగమూర్తి గారికి,

నిన్న జరిగినది మీరూ చూశారు గనక, మీకు తెలియనిది మాత్రమే రాస్తాను.

మీ పదిహేడు మందీ వరుసలో నిలబడి పక్కగోడకు ఆనుకోగానే ఆ గోడ మొత్తం అవతలికి పడింది కదా. నాకు ఏడుపొచ్చింది. అంతలో సాయిచంద్ కెమెరా ఎత్తుకుని ఆ ఖాళీలోకి దూకి, "ఇదే! ఇన్ని రోజులూ నేనడిగింది ఇదే! జర వచ్చి చూడు!" అని అరిచాడు. వెళ్లి చూశాను. వీధి వెలుతురు వరుస వెంట పాకుతూ వచ్చి, చంద్రమ్మ గారి చేతి మీదుగా, సరిగ్గా ఎదుటి గోడ మీది నా పాన్ మరక దగ్గర ఆగింది. "అబ్బ! ఏం మరక పెట్టినవ్!" అన్నాడు. ఇరవై ఐదు రోజుల్లో అతడు నాకిచ్చిన మొదటి ప్రశంస. మిగతా సినిమా ఒక్క మాటా అనుకోకుండా తీశాం. మొదటి శ్రేణి వచ్చింది.

పరీక్షకులు ఒక్క లోపమే రాశారు: "జూనియర్ ఆర్టిస్టుల నటనలో అతి కనిపించింది. నిజమైన జనం ఇంత ఓపికగా నిలబడరు."

మాకు ఇంత మేలు చేసిన మీకు దీపం మాత్రం వేయించలేకపోయాం. ఇరవయ్యో తేదీన సెట్ విప్పేస్తున్నాం. క్షమించండి.

ఇట్లు,
జ్యోత్స్న

తా.క.: వరుసలో నాలుగో మనిషి, జేబులో రెండు పెన్నులున్నాయన, మీ వెనకే వచ్చారు. మీ సందు సంగతికి యాదయ్య గారు మీసం దువ్వి, "గీ పని మాదే. రేపటికల్ల చేస్తం. ఫికర్ చెయ్యకుండ్రి" అనడం విని, చెమట తుడుచుకుంటూ వెళ్లిపోయారు. ఆయన మీ కాలనీవారేనా?

*

జూన్ 18.

చిరంజీవి జ్యోత్స్నకు, సాయిచంద్‌కు ఆశీస్సులు.

అది కార్యాలయం కాదని ఇందుమూలంగా అంగీకరిస్తున్నాను. గోడ పడినందువల్ల కాదు, అటువంటివి నేను చూశాను. రాసిన ప్రతి ఉత్తరానికీ జవాబు వచ్చింది. ఏ కార్యాలయమూ అంత పనికి పాల్పడదు.

ఇక నాలుగో మనిషి. ఆయన పేరు రాజేందర్. దీపాల శాఖ ఉద్యోగి. వీధిలో కొత్త కార్యాలయం తెరిచారని విని, ఏమిటో చూసి రమ్మని శాఖవారు పంపగా వచ్చారు. తరువాత ఆయనే నాకు చెప్పిన ప్రకారం, ఆ మధ్యాహ్నమే తన పైవారికి ఇలా నివేదించారు: "సదరు సందును వేరొక కార్యాలయం తమదిగా ప్రకటించినది. రేపటికల్లా దీపం వేయనున్నది. అధికారి మీసం చూడగా, వేసేటట్లే ఉన్నాడు."

వెంటనే సమావేశం జరిగింది. పాత పటాలు తీశారు. ఆ సందు తరతరాలుగా తమదేనని తేలింది. మరునాడు సాయంత్రం ఐదింటికి స్తంభం, ఆరింటికి దీపం, ఆరుంపావుకు స్తంభం మీద "ఇది మా పరిధి" అని రంగుతో రాత.

ప్రజల కష్టం కదిలించలేని శాఖను పక్క శాఖ ఉత్సాహం కదిలిస్తుందని ముప్పై నాలుగేళ్లుగా నాకు తెలుసు. కానీ ఉత్సాహం గల పక్క శాఖ ఎక్కడా దొరకలేదు. చివరకు మీరిద్దరూ కలిసి ప్లైవుడ్డుతో ఒకటి తయారు చేయాల్సివచ్చింది.

నిన్న ఏడింటికి చంద్రమ్మ తరగతి ముగించుకుని, ఒంటరిగా, ఆ దీపం కింద నడిచి ఇంటికి వచ్చింది. నేను హుక్కుల నుంచి విముక్తుణ్ణయ్యాను.

ఒక్క చివరి విన్నపం. అదే సందులో మురుగు కాలువకు మూత లేదు. ఆ శాఖ వారు ఇరవై ఒకటిన అటువైపు వస్తున్నట్టు సమాచారం. కనుక కార్యాలయాన్ని ఇరవై రెండు దాకా విప్పవద్దు. యాదయ్య గారిని అంతవరకు బదిలీ చేయవద్దు.

మీ శ్రేయోభిలాషి,
లింగమూర్తి

తా.క.: చంద్రమ్మ పక్కనే కూర్చుని రాయిస్తున్నది: "బిడ్డా, గోడ మళ్ల నిలబెడితే నిలబెట్టు గాని, ఆ పాన్ మరక మాత్రం కడగకు. అది సూస్తెనే ఆఫీసని నమ్మబుద్ధైతది."