ఇనుము అచ్చిరాదట

జూలై 7, సోమవారం
షేర్ ఆటో నిండేదాకా కదలలేదు. నాతవరం చేరేసరికి బడిలో ప్రేయర్ అయిపోయింది. హెడ్మాస్టర్‌గారు గడియారం వైపు చూశారు, నా వైపు చూడలేదు. తిట్టినా బాగుండేది. ఇంక స్కూటీ కొనాల్సిందే. లైసెన్సు వచ్చి పర్సులో పడుంది, బండే లేదు.

జూలై 8
స్టాఫ్‌రూమ్‌లో తలా ఒక సలహా. కరెంటు బండి కొను... వద్దు, ఛార్జింగ్ అయిపోతే తోసుకుంటూ రావాలి... డిక్కీ పెద్దదా కాదా చూడు... ఇంటికొచ్చేసరికి ఏదీ గుర్తులేదు.

జూలై 10
షోరూమ్. బూడిద రంగు బండి — నచ్చేసింది. ఇన్సూరెన్సు చూసే ఆయన గడగడా చెప్పుకుపోయారు. థర్డ్ పార్టీ తప్పనిసరి, అది ఎదుటివాళ్ల కోసమట. మన బండికి దెబ్బ తగిలితే ఇంకోటి, ఏటేటా కట్టాలి. బంపర్ టు బంపర్ వేరే. స్కూటీకి బంపర్ ఎక్కడుంది? అడగడానికి సిగ్గేసింది. తలూపి వచ్చేశాను.

జూలై 12
ఆషాఢం వెళ్లాకే కొనాలన్నారు అత్తయ్య. సరే. పంతులుగారిని కూడా అడిగి వచ్చారు. నా పేరుకి ఇనుము అచ్చిరాదట, ఆవిడ పేరుకి భేషుగ్గా ఉందట.
"నా పేరున రాయించియ్యమ్మా. తోలేది నువ్వే కదేటి?"
ప్రేమతోనే అన్నారు. మా ఆయన బైకు మీంచి పడ్డప్పుడు ఆవిడ పడ్డ బాధ నేను చూశాను. ఎదురు చెప్పలేకపోయాను. కానీ నా జీతంతో నేను కొంటున్న మొదటి బండి... నా పేరే ఉండాలని ఉంది. ఉంది మరి, ఏం చెయ్యను!

జూలై 13
ఈయన్ని అడిగాను. "ఎవరి పేరైతే ఏటి? మీరిద్దరూ బేగి తేల్సెయ్యండి" అని అటు తిరిగి పడుకున్నారు. గొప్ప సాయం.

జూలై 16
మళ్లీ షోరూమ్. ప్రమాద బీమా బండి ఓనరుకేనట, ఆ ఓనరుకి లైసెన్సు కూడా ఉండాలట. "ఆర్సీ మీ అత్తగారి పేరున ఉండి, తోలుతూ మీరు పడితే అది మీకు రాదండీ." ఆవిడకి లైసెన్సు లేదు, ఆవిడకీ రాదు. మరి ఎవరికి వస్తుంది? నాకు విడిగా వేరే పాలసీ ఉంటుందన్నారు... అప్పటికి నా బుర్ర పనిచెయ్యడం మానేసింది.

జూలై 17
"ఒకవేళ నేను పడితే" అని మొదలుపెట్టానో లేదో, అత్తయ్య చెవులు మూసుకున్నారు. "అలాటి మాటలు ఆడకమ్మా, తథాస్తు దేవతలుంటారు!"
పడనంటే ఇన్సూరెన్సు ఎందుకంటారు. పడతానంటే బండే వద్దంటారు.

జూలై 20, ఆదివారం
ఆ బీమా గొడవ, లైసెన్సు సంగతి మొత్తం ఈయన నోరు జారి అత్తయ్యకి చెప్పేశారు. ఆవిడ నా లైసెన్సు అడిగి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చేశారు. భయంగా ఉంది.

జూలై 23
శ్రావణం వచ్చేస్తోంది. అడ్వాన్సు కట్టి, నా పేరే చెప్పేద్దామని గట్టిగా అనుకుని బయల్దేరాను. అత్తయ్య తనూ వస్తానన్నారు.
షోరూమ్‌లో చెప్పులు విడిచి, దణ్ణం పెట్టుకుని, బూడిద రంగు బండి ఎక్కి కూర్చున్నారు. "లైసెన్సు లేకపోడమే కదా అడ్డు? నానూ తీసుకుంతాను. నువ్వు నేర్పు."
అలా తీసుకున్నా ఆ బీమా నాకు రాదు అత్తయ్యా... గొంతు దాకా వచ్చింది. కానీ ఆవిడ హ్యాండిల్ పట్టుకుని అద్దంలో చూసుకుని నవ్వుతున్నారు. పెళ్లయి ఇన్నేళ్లలో ఆ నవ్వు నేను చూడలేదు.
"పేరు చెప్పండి మేడమ్."
రేపు చెబుతానన్నాను.
ఇంటికొచ్చాక అత్తయ్య మెల్లిగా వంటింట్లోకి వచ్చి అడిగారు — "సీర మీద తోలనిస్తారేటి, లేపోతే డ్రెస్సు కుట్టించుకోవాలా?"