నోటికి చిక్కం

ఆదోని,
ఆదివారం.

చిరంజీవి నాగశ్రీకి నాన్న ఆశీస్సులు. ఇక్కడ మీ అమ్మ, నేను, నా నోట్లో నువ్వు మిగిల్చిన ఇరవై ఎనిమిది పళ్లు, అందరం క్షేమం. కడప డెంటల్ కాలేజీలో నువ్వు వేళకు తింటున్నావనీ, కంటినిండా నిద్రపోతున్నావనీ నమ్ముతున్నాను. నమ్మకపోతే మీ అమ్మ ఊరుకోదు.

నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన రిటైనరు డబ్బా అందాయి. ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు కదా అంటుంది మీ అమ్మ. ఫోన్లో నేను ఒక మాట చెప్పేలోపు నువ్వు పది తిడతావు. పైగా పేషెంటు తన అనుభవం సొంత చేతిరాతతో రాసిస్తే కేసు ఫైల్లో పెట్టాలన్నది నువ్వే. శనక్కాయల వ్యాపారికి రాత అంటే చీటీల మీద గీకడమే. తప్పులుంటే దిద్దుకో.

రెండున్నరేళ్లు క్లిప్పులతో ఎలా గడిచిందని అడిగావు. తోముకోవడంతోనే గడిచింది తల్లీ. టిఫిను తిని ఒకసారి, అన్నం తిని ఒకసారి, మార్కెట్ యార్డులో బజ్జీ తింటే మళ్లీ ఒకసారి. కుళాయి దగ్గర నిలబడి, ఆ చిన్న బ్రష్షు తీగల సందుల్లో దూర్చి తోముతుంటే మొదట్లో రైతులు చుట్టూ మూగేవాళ్లు. ఒకాయన ఇది ఏ దేవుడికి మొక్కప్పా అని అడిగాడు. మా కూతురికి అని చెప్పాను. ఆయన నమ్మాడు కూడా.

తిండి సంగతి అడిగావు. నువ్వు తీగ బిగించి పంపిన రెండు రోజులూ పళ్లన్నీ ఊడి చేతికొస్తాయేమో అన్నంత నొప్పి. అప్పుడు నన్ను కాపాడింది రాగి సంగటి. అది నమిలే తిండి కాదు, మింగే తిండి. జొన్నరొట్టె పప్పులో నానబెట్టుకుని తిన్నాను. ఉగ్గాని మాత్రం నా వల్ల కాలేదు, ఆ బొరుగులు ఒక్కొక్కటీ పంటి మీద నువ్వు అంటించిన ఒక్కో బిళ్ల కింద కాపురం పెట్టేవి. తీగ కొస బుగ్గలో గుచ్చుకున్నప్పుడల్లా నువ్విచ్చిన మైనం ఉండచేసి అంటించుకున్నాను. పళ్లు మళ్లీ వంకరపోకుండా రిటైనరు రాత్రిళ్లు పెట్టుకుంటున్నానా అన్నావు. పెట్టుకుంటున్నాను. నీ డబ్బా రాకముందు ఒక పొద్దున తీసి కాగితంలో చుట్టి పెడితే మీ అమ్మ కరివేపాకు రెబ్బలతోపాటు చెత్తలో వేసింది. యాభై రెండేళ్ల మనిషిని, వీధి చివర చెత్తబండి ఆపి వెతుక్కున్నాను. డబ్బా వచ్చినప్పటి నుంచి అది డబ్బాలోంచి నోట్లోకి, నోట్లోంచి డబ్బాలోకి తప్ప ఇంకెక్కడికీ పోవడం లేదు.

క్లిప్పులు తీసిన రోజు ఇంట్లో జరిగింది నీకు తెలియదు, చెప్తాను. బస్సు దిగి ఇంటికొస్తే మీ అమ్మ గుమ్మంలో నిలబడి ఏదీ చూపించండి అంది. నవ్వాను. మా పెళ్లి ఫొటోలో నేను పెదాలు బిగబట్టుకుని కూర్చున్నది ఎత్తుపళ్లు కనబడకూడదని. ఆ ఫొటో చూసి పిల్లవాడు కోపిష్టి అని వాళ్ల వైపు వాళ్లంతా భయపడ్డారట. మీ అమ్మ చాలాసేపు చూసి, "ఇన్నేండ్లకు మీ నవ్వు చూస్తాండా" అంది. వెంటనే వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆమె కళ్లు తుడుచుకోవడం చూశాను. నా బిడ్డ చేసిన పని ఇది అని ఆ పూట వీధి వీధంతా తిరిగి చెప్పాను.

ఇక యార్డు. ముప్పై ఏళ్లుగా నేను గింజ కొరికి సరుకు కొన్నవాణ్ణి. పంటి కింద పడ్డప్పుడు పచ్చిదా, ఎండిందా, చేదు తగులుతుందా, అన్నీ తెలిసిపోయేవి. నువ్వేమో గింజ కొరకనని నా చేత ఒట్టు పెట్టించుకున్నావు. క్లిప్పులు వేశాక వచ్చిన మొదటి పంటకే పక్క మండీ బసవన్న అందరిముందూ అన్నాడు. "ఏమప్పా కేశవయ్యా, నూర్పిడి ఎద్దుకు కట్టినట్ల నోటికి చిక్కం కట్టుకున్నావే. ఇంగ నీకు కాయ సంగతి యాడ తెలుస్తాది?" రైతులు నలుగురూ నవ్వారు. ఆ మాటకు నేనేం చేశానో చివర్లో రాస్తాను.

అప్పుడు దారి చూపించింది మన హమాలీ చిన్న ఈరన్న. సరుకు దగ్గర దిగాలుగా కూర్చుంటే పక్కన చేరాడు. "నాకు పండ్లు పోయి పదేండ్లాయ సామీ. నేను కాయ చూడట్లేదా? చెవి దగ్గర పెట్టుకోని ఆడించు" అన్నాడు. ఎండిన కాయ గలగలమంటుంది, పచ్చిది మూగగా ఉంటుంది. గింజను వేళ్ల మధ్య నలిపితే ఎండినదాని పొట్టు రాలిపోతుంది. ఏడాదిపాటు అతని పక్కన కూర్చుని కాయలు ఆడించాను. రాత్రి పడుకున్నా చెవిలో గలగలే.

పోయిన నెల సుంకులమ్మ అనే రైతు సరుకు తెచ్చింది. బసవన్న ఒక గింజ కొరికి, పచ్చిదని ఉమ్మేసి, ఆమె మూటల్ని పక్కన పెట్టించాడు. అతను పచ్చి అంటే మిగిలినవాళ్లూ ముట్టరు. ఆమె నా దగ్గరికొచ్చి, "ఆరు దినాలు కల్లంలో ఎండబెట్టినా సావుకారీ. పచ్చిదంటాండాడు" అంది. నేను మూటల అడుగుదాకా చెయ్యి పెట్టి కాయలు తీసి చెవి దగ్గర ఆడించాను. పై మూటవీ, అడుగు మూటవీ ఒక్కలాగే మోగాయి. ఎండిన సరుకు అని గట్టిగా అన్నాను. తేమ మిషను తెప్పించారు. మిషను నా మాటే చెప్పింది. సుంకులమ్మ సరుకు ఆ రోజు యార్డులో అన్నిటికంటే మంచి ధరకు పోయింది, కొన్నది నేనే. చిన్న ఈరన్న తనే గెలిచినట్టు మూట మీద చరిచాడు. సాయంత్రం బసవన్న టీ తెప్పించి, ఆ చెవి విద్య తనకూ నేర్పమన్నాడు. నేర్పుతాను. కానీ రెండు పంటలు ఆగి.

ఇక నీ చివరి ప్రశ్న. దీన్ని నాలుగు రోజులుగా తప్పించుకు తిరుగుతున్నాను. "కోరపన్ను దగ్గర నా చెయ్యి ఎందుకు తప్పిందో ఇప్పటికీ తెలియట్లేదు నాన్నా. గురువారం పరీక్షలో అదే అడుగుతారు. అసలు నా చెయ్యి ఈ పనికి పనికొస్తుందా?" అని రాశావు.

నీ చెయ్యి తప్పలేదు తల్లీ. బసవన్న నవ్విన రోజు నాకు ఒళ్లు మండి, రాశిలోంచి గింజ తీసి వాడి ముందే కొరికాను. పటుక్కుమన్నది గింజ కాదు, కోరపన్ను మీది బిళ్ల. నీకు చెప్పడానికి భయమేసింది. ఇక్కడొక డాక్టరు దగ్గరికి వెళ్లి అంటించమన్నాను. వేసినవాళ్ల దగ్గరికే వెళ్లమని ఆయన రెండుసార్లు చెప్పాడు. నేనే వదల్లేదు. అది కొంచెం వంకరగా అంటింది. పన్ను కూడా ఆ వంకరకే తిరిగింది.

తర్వాత ఆ పన్ను చూసి మీ సార్ అందరిముందూ నిన్ను అన్న మాటలు బయట బెంచీ మీద కూర్చుని విన్నాను. నువ్వు కళ్లు తుడుచుకుని వచ్చి, "ఇంకో ఆరు నెలలు పడుతుంది నాన్నా, తప్పు నాదే" అన్నావు. నేను పర్వాలేదులే అన్నాను. తప్పు చేసిందీ నేనే, క్షమించిన పెద్దమనిషినీ నేనే. అంత సిగ్గుమాలిన పని నేను జన్మలో చెయ్యలేదు.

నిన్న ఆ డాక్టరు దగ్గరికి వెళ్లి, బిళ్ల అంటించిన తేదీ వేయించి, జరిగింది రాయించుకున్నాను. ఆ కాగితం దీనికి జతచేశాను. నువ్వు ప్రతిసారీ తీసిన ఫొటోలు తీసి చూడు. ఆ తేదీకి ముందు బిళ్ల నిటారుగానే ఉంటుంది. ఎవడో చెడగొట్టిన పన్నును, కారణం కూడా తెలియకుండా, మళ్లీ దారికి తెచ్చిన చెయ్యి నీది. ఆ చెయ్యి పనికొస్తుందా అని ఇంకెవరినీ అడగొద్దు.

ఈ ఉత్తరం రేపు పొద్దున కడప బస్సులో పంపిస్తాను. గురువారం నేనూ వస్తాను. మీ సార్ ముందు కుర్చీలో కూర్చుని నోరు తెరుస్తాను. ముందు ఈ మాట చెప్తాను, తర్వాతే పళ్లు చూపిస్తాను. చిక్కం విప్పేశావు కదా, ఇంక నోరు మూసుకుని కూర్చోవడం నా వల్ల కాదు.

వచ్చేటప్పుడు సుంకులమ్మ కాయలు వేయించి తెస్తాను. నేను ఇంతవరకూ ఒక్కటీ కొరకలేదు. నువ్వు సరే అన్నాకే.

ఇట్లు,
ఒట్టు తప్పిన నీ మొదటి పేషెంటు,
నాన్న.