కొమురవ్వ సొరకాయలు

తమ్ముడు రాజేందర్‌కు,

క్షేమమా అని అడగడానికి చెయ్యి రావడం లేదు.

దేవరుప్పుల రోడ్డు మీద నా కూరగాయల పందిరికి ఆరేళ్లుగా కాపలా లేదు. కావలసింది తీసుకొని, డబ్బాలో పైసలు వేసి పోతారు. చుట్టపుచూపుగా వచ్చినవాడివి, నన్నడగకుండా కెమెరా ఎందుకు బిగించావు?

మహబూబాబాద్‌లో కూర్చొని ఫోన్‌లో చూశావు. కొమురవ్వ రెండు సొరకాయలు తీసుకొని, పైసలు వేయకుండా పోయిందని ఊరి గ్రూపులో వీడియో పెట్టావు. కింద "దొంగ దొరికింది" అని రాశావు.

ఆ కాయలు కాసిన సొరతీగ ఎవరి గింజలతో మొలిచిందో తెలుసా? ఆమెవే. మన ఊళ్లో గింజలకు పైసలు తీసుకోరు, కాత వచ్చినప్పుడు కాయలు తీసుకుంటారు. "నీకు కావాల్నన్నప్పుడు తీస్కపో అవ్వా" అని నేనే చెప్పాను.

నిన్న ఆ రెండు కాయలూ తెచ్చి బుట్టలో పెట్టింది. "గింజలిచ్చి దొంగనైతినా బిడ్డా?" అన్నది.

కెమెరా పీకేద్దామని నిచ్చెన ఎక్కి, మళ్లీ దిగాను. అది ఉండాలి. నువ్వొచ్చి ఆ కాయలు నెత్తిన పెట్టుకొని ఆమె ఇంటికి బయలుదేరడం కూడా అందులో పడాలి. ఆ వీడియో గ్రూపులో నేను పెడతాను.

అక్క