ఖాదర్ వదిలేసిన ఆకు

ఖాదర్, నువ్వు స్వార్థపరుడివి. హంసలదీవి దగ్గర ఉప్పెనలో పోయి ఏడాదైనా, బందరులో నాకు దక్కాల్సిన మంచి మాటలన్నీ ఇంకా నువ్వే తీసుకుంటున్నావు.

నీ స్థానంలో చీరల కంపెనీవాళ్లు బొంబాయి నుంచి కొత్త డిజైనర్ని తెచ్చారు. నిన్న అతని కలంకారీ చీరలు షోరూములో పెట్టారు. చేత్తో చేసిందని తెలియడానికి నువ్వు ప్రతి అంచులోనూ ఒక ఆకుకు రంగు వెయ్యకుండా వదిలేసేవాడివి కదా. అతను దాన్ని పొరపాటనుకుని నింపేశాడు. గుడివాడ నుంచి కారులో వచ్చిన డాక్టరుగారి భార్య అంచు తిప్పి చూసి, "ఖాళీ ఆకు ఏదండీ? ఇది మిల్లు సరుకా?" అని పక్కన పెట్టేసింది. "ఖాదర్ అన్నయ్య ఉంటే ఇలా జరిగేదా?" అని మా ఆవిడ నన్ను నిలదీసింది, ఆ చీరలు నేనే అద్దినట్టు.

డబ్బున్నవాళ్లకు పూలు అద్దుతున్నావని నిన్ను తిట్టినవాణ్ణి నేను. కూలివాళ్ల కోసం ఇన్నేళ్లుగా కరపత్రాలు రాస్తున్నాను. వాటిలో నా వాక్యం ఒకటి ఎగిరిపోయినా ఈ ఊళ్లో ఎవరూ అడగరు. నువ్వు వెయ్యని రంగును మాత్రం అందరూ వెతుకుతున్నారు.

అందుకని నా డిమాండ్లు ఇవి:

ఆ ఆకును మళ్లీ ఖాళీగా వదలాలి.

అద్దకం పనివాళ్లకు కూలి పెంచాలి.

మా ఆవిడ నీ పేరెత్తడం మానాలి.

నువ్వు ఒక్క పూట వచ్చి నాతో వాదించి వెళ్లాలి.