రెండు వేల కిలోల హద్దు

కడీనా,
మే నెల

క్యారవాన్ క్లబ్బు బరువుల సలహాదారు శ్రీమతి డల్సీ పాస్కో గారికి,

నమస్కారం. క్లబ్బు పత్రికలో మీ పేజీ చూసి రాస్తున్నాను. వెనక తొట్టి ఉన్న నా యూట్ బండి రెండు వేల మూడు వందల కిలోలు లాగుతుందని కంపెనీ పుస్తకంలో ఉంది. దాని వెనక తగిలించే నా క్యారవాన్ ఇంటి బరువు సామానుతో సహా రెండు వేలు దాటకూడదని దాని తలుపు పక్క పలక మీద ఉంది. గోధుమ గోదాం దగ్గర లారీ కాటా మీద తూయిస్తే రెండు వేల ఎనభై వచ్చింది. హైవే ఎక్కగానే యూట్ ముక్కు పైకి లేచింది. స్టీరింగ్ తేలిపోయింది. వెనక్కి వచ్చేశాను.

సెప్టెంబరు దాటకుండా నలార్బర్ తీరానికి వెళ్ళి తిమింగలాలను చూడాలి. ఇది నా భార్య వెర్నా ప్లాను వేసుకున్న ప్రయాణం.

ఎంతమంది వెళ్తారో కూడా రాయమన్నారు మీ పేజీలో. ఒకరు. వెర్నా ఫిబ్రవరిలో చనిపోయింది.

ఏమేం దించాలో చెప్పగలరు.

భవదీయుడు,
లిండ్సే ట్రెజెంజా
రిటైర్డు కెమిస్ట్రీ మాస్టారు

తా.క. "దీనితో ఇల్లయినా లాగొచ్చు సార్" అన్నాడు యూట్ అమ్మిన కుర్రాడు. వాడికి పదో తరగతిలో మార్కులు వేసింది నేనే. అనుమానించి ఉండాల్సింది.


మౌంట్ గాంబియర్,
జూన్

లిండ్సే మాస్టారికి,

డల్సీ నమస్కారాలు. వెర్నా గారి సంగతి చదువుతూ స్టవ్ మీద పాలు పొంగబెట్టేశాను. ఏం రాయాలో తోచలేదు, అందుకని బరువుల గురించే రాస్తాను.

ఆ పుస్తకంలో అంకె ఉంది చూశారూ, అది ఖాళీ యూట్‌కి. క్యారవాన్ ముందు భాగం కొక్కెం మీద కూర్చుంటుంది కదా, ఆ బరువంతా యూట్ నడ్డి మీదే! మొత్తంలో పదో వంతు అక్కడ పడాలి. ఎక్కువైతే యూట్ వెనక కుంగి ముక్కు లేపుతుంది. తక్కువైతే క్యారవాన్ తోక ఊపుతుంది. కాబట్టి నీళ్ళ ట్యాంకులు ఖాళీ చేయండి. బరువైనవన్నీ చక్రాల మీదకు జరపండి. ఒక్కరే కదా, రెండో కుర్చీ, రెండో పరుపు దించేయండి. ఎనభై కిలోలు ఎంతసేపు!

ఇట్లు,
డల్సీ

తా.క. మా ఆయన రెజ్ ఎక్కడికెళ్ళినా క్యారవాన్‌లో కమ్మరి ఇనప దాగలి మోసుకొస్తాడు. దారిలో ఎవరి గుర్రానికైనా లాడం ఊడితేనో, అంటాడు. ఒక్క గుర్రమూ ఇంతవరకు మమ్మల్ని ఆపలేదు.


కడీనా,
జూన్

శ్రీమతి పాస్కో గారికి,

నమస్కారం. నీళ్ళు తీశాను. సామాను జరిపాను. ముక్కు దిగింది. కుర్చీ దించలేదు. పరుపు దించలేదు.

మళ్ళీ తూయిస్తే రెండు వేల నూట తొంభై వచ్చింది. కాటా చూసే క్లారీ, "ఏంటి మాస్టారూ, పథ్యం పెట్టి మరీ లావు చేసి తెచ్చారు?" అన్నాడు.

భవదీయుడు,
లిండ్సే ట్రెజెంజా

తా.క. ఆప్రికాట్ జామ్ సీసాలు బరువు కిందకు వస్తాయా?


మౌంట్ గాంబియర్,
జులై

మాస్టారూ,

నమస్కారాలు. నీళ్ళు తీస్తే బరువు పెరగడమా! కెమిస్ట్రీ చెప్పినవారు, మీరే చెప్పండి. కాటా చెడిపోయింది, ఇంకేం లేదు. ఆ క్లారీకి ఫోన్ చేసి గట్టిగా కడిగేశాను. "అమ్మా, జిల్లా గోధుమలన్నీ తూచిన కాటా ఇది. కావాలంటే మీ నోరు కూడా తీసుకురండి, తూచి చెప్తా" అన్నాడు. ఎంత పొగరు!

కానీ ఒకటి చెప్పాడు. మీ క్యారవాన్ కిటికీలోంచి తొంగి చూశాడట. కుట్టుమిషను, గౌన్ల పెట్టెలు, ఎన్‌సైక్లోపీడియాలు, వాయించే ఆర్గన్ కూడానట! అయితే ఇల్లు ఖాళీ చేస్తున్నారన్నమాట. ముందే చెప్పొద్దూ! నేను ఊరికే కుర్చీలు లెక్కపెడుతున్నాను.

ఇట్లు,
డల్సీ

తా.క. మా మేనకోడలు రేలీన్‌కి కడీనాలో ఇల్లు కావాలి. మీ చిరునామా ఇచ్చేశాను. మంచి పిల్ల. కుక్క మాత్రం కొంచెం పెద్దది.


కడీనా,
జులై

శ్రీమతి పాస్కో గారికి,

నమస్కారం. ఇల్లు ఖాళీ చేయడం లేదు. మీ మేనకోడలు నిన్న టేపు పట్టుకుని వచ్చింది. వంటగది కొలిచింది. "అంకుల్, ఈ గోడ కొట్టేస్తే ఎంత వెలుతురొస్తుందో చూడండి" అంది. టీ ఇచ్చి పంపాను. కుక్క ఇంకా వెళ్ళలేదు.

సంగతి ఇది. వెర్నా వస్తువులు ఇంట్లో ఎదురవుతున్నాయి. ఎదురైనదాన్ని తీసుకెళ్ళి క్యారవాన్‌లో పెడుతున్నాను. మీరు దించమంటున్నారు. దించితే ఇంట్లోకే దించాలి.

ఇప్పుడు రెండు వేల మూడు వందల పది. ఇంట్లో నడిస్తే అడుగుల చప్పుడు మారుమోగుతోంది.

భవదీయుడు,
లిండ్సే ట్రెజెంజా

తా.క. కాటా సరిగానే ఉంది. క్లారీకి క్షమాపణ చెప్పండి. వచ్చిన ప్రతి లారీవాడికీ మీ ఫోన్ గురించి చెబుతున్నాడు. వాళ్ళు గోధుమలు దించడం మానేసి వింటున్నారు.


మౌంట్ గాంబియర్,
ఆగస్టు

లిండ్సే మాస్టారికి,

నమస్కారాలు. లెక్కలు రాసి చింపేశాను. రేలీన్ కుక్కను తీసుకెళ్ళి ఉంటుంది. క్లారీకి క్షమాపణ చెప్పాను, ఒకటికి రెండుసార్లు చెప్పించుకున్నాడు.

ఆ యూట్ ఆ క్యారవాన్‌ని లాగకూడదు. అంతవరకు నా ఉద్యోగం. దించమని మాత్రం ఇక చెప్పను. ఎలా వెళ్తారో నాకు తెలియదు. తిమింగలాలు ఎక్కువ రోజులు ఉండవు మాస్టారూ.

డల్సీ

తా.క. మీ ఉత్తరం రెజ్‌కి చదివి వినిపించాను. లేచి బయటికెళ్ళి క్యారవాన్‌లోంచి దాగలి దించాడు.


నలార్బర్ తీరం,
సెప్టెంబరు

శ్రీమతి పాస్కో గారికి,

నమస్కారం. నిన్న చేరాను. క్యారవాన్ తేలేదు.

క్లారీ గోదాం వెనక షెడ్డులో చోటిచ్చాడు. "తాళం మీ దగ్గరే ఉంచుకోండి మాస్టారూ. ఎలకలొస్తే నేను చూసుకుంటా. మీరు పోయి రండి" అన్నాడు. ఒక పరుపు తీసి యూట్ తొట్టిలో వేసుకుని బయల్దేరాను. లాగిన బరువు సున్నా. ముక్కు లేవలేదు.

ఇక్కడ అందరికీ క్యారవాన్లే. పక్క శిబిరంలో ఆయన, "నీది ఎక్కడ పారేసుకున్నావు బాబాయ్?" అన్నాడు. బరువెక్కువైందన్నాను. ఆయన యూట్ వెనక కుంగి ఉండటం చూపించి పదో వంతు సంగతి చెప్పాను. "నేను చెప్తే నవ్వారుగా! ఇప్పుడు మోయండి" అంది ఆయన భార్య. మధ్యాహ్నం దాకా డబ్బాలు జరుపుతూ పోట్లాడుకున్నారు. వినడానికి బాగుంది.

ఉదయం కొండ అంచు కిందికి ఒక తల్లి తిమింగలం, పిల్ల వచ్చాయి. పిల్ల తల్లి వీపెక్కి జారింది. మళ్ళీ ఎక్కింది. తల్లి కదల్లేదు. "వెర్నా, అటు చూడు" అన్నాను, పైకే. పక్కన నిలబడ్డ ఆవిడ పేరు వెర్నా కాదు. అయినా చూసింది.

ఈ సంగతి ఎవరికైనా చెప్పాలనిపించింది. ఎక్కడా చూసుకోకుండా రాయగలిగిన చిరునామా మీదొక్కటే. సలహా అడగడం లేదు. జవాబు అవసరం లేదు.

భవదీయుడు,
లిండ్సే ట్రెజెంజా

తా.క. పైన ఆఖరి వాక్యం కొట్టేసినట్టు అనుకోండి.