పూజ పెట్టెలో పర్వానా

ఫసలీ 1350, బహమన్ 2
లాల్‌దర్వాజా బజారు చరిత్ర రాసే పని నా నెత్తిన పడింది. బజారును సర్కారు వాళ్లు ఊరవతలికి తరలిస్తారట. ఎంత పాతదో రుజువు చూపిస్తే ఆపుతామన్నారు. పెద్దమనుషులందరూ నావైపే చూశారు. నాలుగక్షరాలు నేర్చినందుకు శిక్ష.

బహమన్ 3
బాపు చెప్పింది రాసుకున్నాను. "మీ తాత వచ్చినప్పుడు ఈడ అన్నీ తుమ్మచెట్లే. గోనెపట్ట పరిచి కూసున్నడు. బజారు గట్ల పుట్టింది. రాయి." అందుకే ఈనాటికీ మా కొట్లో మొదటి బోణీ అయ్యేదాకా బజారులో ఎవరూ తక్కెడ ఎత్తరు. తన నాయనమ్మ ఎంకమ్మ నాటి నుంచి చల్ల అమ్ముకునే లచ్చమ్మ కూడా కుండ మీద గుడ్డ తీయదు. చిన్నప్పటి నుంచి ఆ గర్వం నాకూ ఉంది — ఒప్పుకోవాలి.

బహమన్ 5
రుజువంటే కాగితం. అది ఉంది — పూజ పెట్టెలో, బజారులో కూర్చోవడానికి తాతకు సర్కారు అనుమతిగా ఇచ్చిన ఫార్సీ పర్వానా. ప్రతి దసరాకు తక్కెడ పక్కన పెట్టి పసుపు కుంకుమ అద్దుతాం, కొబ్బరికాయ కొడతాం. మూడు తరాలుగా ఒక్కరమూ చదవలేదు. దండం పెట్టాం, అంతే. నాకు ఉర్దూ వచ్చు గానీ ఆ గొలుసు రాత... ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

బహమన్ 6
ముసలి మున్షీ సాబ్‌కు చూపించాను. పసుపు గోటితో గీకి గీకి చదివాడు. మధ్యలో ఆగి నన్ను చూశాడు. "బేటా, బైఠో," అని కూర్చోబెట్టాడు.
బజారు తాత పెట్టింది కాదు. తాత వచ్చేసరికే ఉంది. ఎంకమ్మ అనే చల్లామె పందిరి దగ్గర మొదలైందట. ఆమె సరేనన్నది గనుక ఆ పందిరి పక్కన తాత తక్కెడ పెట్టుకోవచ్చట.
ఆమె మనవరాలు లచ్చమ్మ ఇప్పుడు మురుగు పారే మోరీ పక్కన కూర్చుంటుంది. వచ్చేటప్పుడు ఆ దారిన రాలేకపోయాను. సిగ్గేసింది.

బహమన్ 7
బాపుకు చెప్పాను. తక్కెడ పళ్లెం తుడవడం మొదలుపెట్టాడు. తర్వాత — "మున్షీకి కండ్లు కనిపిస్తలేవు."
"బాపూ, బజారు మనకన్నా పాతదని అండ్లనే ఉంది. చూపిస్తే బజారు నిలుస్తది."
"నిలుస్తది. మరి రేపటి సంది బోణీ ఎవరిది?"
కాగితం మళ్లీ పెట్టెలో పెట్టాను.

బహమన్ 8
అన్నం సయించలేదు. ఇద్దరికీ.

బహమన్ 9
మీ నాయనమ్మ ఏమైనా చెప్పేదా అని లచ్చమ్మను అడిగాను. "చెప్పేది. ఇప్పుడు చెప్తే ఏమొస్తది బిడ్డా? మీ బాపు చెయ్యి మంచిది. గదే మస్తు." నవ్వింది.
ఆమెకు తెలుసు. ఇన్నేళ్లూ తెలిసే కుండ మూసుకుని కూర్చుంది.

బహమన్ 10
సర్కారు వాళ్లు రుజువు చూడటానికి వచ్చేది ఈరోజే. తెల్లవారి చూస్తే పెట్టె తెరిచి ఉంది. కాగితం లేదు. బాపూ లేడు. పొయ్యిలో చేయి పెట్టి చూశాను — చల్లటి బూడిద, ఏమీ తెలియలేదు.
పరుగున బజారుకు. మా కొట్టుకు తాళం. తక్కెడలన్నీ నేల మీదే ఉన్నాయి. మెట్టు మీద కూర్చుని ఇది రాస్తున్నాను.
బాపు మోరీ పక్కన, లచ్చమ్మ కుండ ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో, మొదటి చల్ల కొనడానికి ఇంటి నుంచి తెచ్చిన ఖాళీ చెంబు.
"పొద్దెక్కుతుంది సేటూ, కొట్టు తెరువు," అంటోంది లచ్చమ్మ. "నువ్వు బోణీ చెయ్యంది నేను గుడ్డ తియ్య."
కాగితం ఏదని నేను అడగలేదు. జనం మూగారు. బాపు చెంబు వెనక్కి తీసుకోవడం లేదు.